పాలు పొంగిన గది

మాతృఋణం తీర్చుకొనే మార్గాలను మన పూర్వులు అనేకం చెప్పారు. గయలో పిండం పెట్టమన్నారు, గోదానం చేయమన్నారు, బావి తవ్వించమన్నారు. మరుగుదొడ్డి కట్టించమని మాత్రం ఎవరూ చెప్పలేదు. శాస్త్రంలోని ఆ వెలితిని పూరించిన ఘనత తిరుపతి వాస్తవ్యులు శ్రీమాన్ సంపత్కుమార్‌గారిది.

ఆయన ఒక మఠానికి చెందిన ధర్మసంస్థ కార్యాలయంలో పనిచేసి విశ్రాంతి పొందినవారు. ఉద్యోగజీవితమంతా ఒకే విద్యను ఉపాసించారు: ఏ దాత పేరు ఏ రాతి మీద, ఏ వరుసలో, ఎంత లావు అక్షరాలతో చెక్కించాలి అన్నది. దాతలు కాలం చేశారు, వారు కట్టించిన సత్రాలు కూలిపోయాయి, ఆయన చెక్కించిన రాళ్ళు మాత్రం నిలిచాయి. దానధర్మాలలో శాశ్వతమైనది ఫలకమొక్కటే అన్న సత్యాన్ని ఆయన ఆ విధంగా అనుభవపూర్వకంగా గ్రహించారు.

ఆయన తల్లి పెరుందేవమ్మ చివరి కాలంలో తుంటి విరిగి, వంగలేక, కమోడు మీద కూర్చొని, గోడకు బిగించిన స్టీలు కమ్మీని పట్టుకొని "గోవిందా" అంటూ లేచేవారు. ఆ కమ్మీని స్వహస్తాలతో బిగించినవారు కుమారరత్నమే. తల్లి పోయిన తర్వాత ఆ కమ్మీ కంటబడినప్పుడల్లా ఆయనకు కళ్ళు చెమర్చేవి. ఈ వృత్తాంతం మొత్తంలో కల్తీ లేనిది ఆ కన్నీరొక్కటే. జరిగిన అనర్థానికి మూలం కూడా అదే.

ఆమె పేర ఒక స్మారక స్వచ్ఛతా సమితి వెలిసింది. సమితికి సంకల్పం ఉంది, ధనం లేదు. రేణిగుంటలోని ఒక కర్మాగారానికి ధనం ఉంది, సంకల్పం లేదు. లాభంలో కొంత భాగాన్ని పరోపకారానికి వెచ్చించాలని చట్టం నిర్బంధించడంతో, మార్చి దగ్గరపడేకొద్దీ అక్కడ దయాగుణం జ్వరంలా పెరిగేది. ఆ జ్వరానికి వైద్యం చేసే అధికారిణి నవీన. చదువుకున్న పిల్ల, మంచి మనసు, ఒక్క మాట మీద మాత్రం అంతులేని మోజు: సుస్థిరం.

"కట్టడం ఎవరైనా కడతారు సార్. సుస్థిరంగా ఉండాలి. ఏడాది తర్వాత మేము వచ్చి చూసినా ఇవాళ ఉన్నట్టే ఉండాలి" అంది నవీన.

"ఉంటుందమ్మా. చెక్కు చెదరకుండా ఉంచడమే గదా నేను ఇన్నాళ్ళూ చేసిన పని" అన్నారు సంపత్కుమార్‌గారు. పాపం, ఇద్దరూ నిజమే చెప్పారు.

స్థలాన్వేషణ ప్రారంభమైంది. చిత్తూరు నుంచి తిరుపతికి వచ్చే బస్సులన్నీ పూతలపట్టు కూడలిలో నెమ్మదిస్తాయి. కూడలి దాటగానే రోడ్డు పక్కన ఒక కాలనీ. అక్కడ ఫలకం నిలబెడితే కిటికీ పక్క ప్రయాణికుడు తల తిప్పకుండానే చదువుకోవచ్చు. పేదరికం చాలా ఊళ్ళలో ఉంది గాని, ఇంత చక్కగా రోడ్డుకు ఎదురుగా ఉన్న పేదరికం అరుదు.

ఆ కాలనీలో మొదటి ఇల్లు సంతోషమ్మది. మామిడికాయల కాలంలో ట్రాక్టర్లకు కాయలు ఎత్తే కూలి. ఒక ఏడు లోడు మీదినుంచి జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. పెద్దాసుపత్రిలో కడ్డీ వేసి, ఇక జన్మలో గొంతుకూర్చోవద్దని చెప్పి పంపించారు. ఆ కాలనీలో ఎవరికీ మరుగుదొడ్డి లేదు. గొంతుకూర్చోకుండా బయలుకు పోవడం ఎట్లాగో డాక్టరు చెప్పలేదు. ఆయన చదివిన వైద్యంలో ఆ అధ్యాయం లేదు కాబోలు.

లారీ నడిపే కొడుకు జయరావు ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, కత్తి కాల్చి, నడుమ రంధ్రం కోశాడు. అది మొదలు రోజూ తెల్లవారకముందే కోడలు ప్రసన్నకుమారి కుర్చీని నెత్తిన పెట్టుకొని ముందు నడిచేది, సంతోషమ్మ కర్ర పొడుచుకుంటూ వెనుక. కాలువగట్టు అవతలి కంపచెట్ల దాకా ఆ ఊరేగింపు.

"రాణెమ్మ సింహాసనం కదిలిండాది, పక్కకు జరగండే" అనేది ఎదురింటి పోలేరమ్మ.

"నేల మింద కూసునేదానివి, నీకేం తెలుసునే మా వైభోగం" అనేది సంతోషమ్మ. నవ్వుతూనే అనేది. ఇంటికి వచ్చాక మాత్రం పగలంతా నీళ్ళు తాగేది కాదు. తాగితే మళ్ళీ ఊరేగింపు.

సంపత్కుమార్‌గారు కారు దిగి, ఆమె ఇంటి పక్కన మేకలు కట్టేసే జాగాను చూసి, ఇది దివ్యమైన స్థలమని సెలవిచ్చారు.

"ఇస్తాను సామీ" అంది సంతోషమ్మ. "మేకల్ని అమ్మేసుకుంటాను. నాకింగ యా తావూ లేదు, ఉండేది ఇదొకటే. అయినా ఇస్తాను. ఒక్కటే మాట. కూసునే బేసిను పెట్టల్ల. నా తుంటి వంగదు."

"మా అమ్మకూ ఇదే కష్టం సంతోషమ్మా. నాకు తెలీదా" అన్నారాయన. "మా అమ్మ పట్టుకొని లేసిన కమ్మీని తెచ్చి నేనే బిగిస్తాను. నువ్వు దాన్నే పట్టుకొని లేద్దువు."

సంతోషమ్మ ఆయన కాళ్ళకు దండం పెట్టబోయి, వంగలేక, గాలిలోనే పెట్టింది.

మేకలు సంతకు పోయాయి. గది లేచింది. గది ఒక్కటే, ఎందుకంటే ఇది నమూనా. ఆదర్శం ఎప్పుడూ ఒక్కటే ఉంటుంది. అయితే దానికి ప్రహరీ ఉంది, తోరణద్వారం ఉంది, నల్లరాతి మీద బంగారు అక్షరాల ఫలకం ఉంది, నీళ్ళ తొట్టి ఉంది, పగలు తీసుకొన్న ఎండను రాత్రంతా వడ్డీతో తిరిగి చెల్లించే సూర్యదీపం ఒకటి ఎత్తైన స్తంభం మీద ఉంది. లోపల పాలవంటి తెల్లని కమోడు. దాని పక్కన, మాట తప్పని కుమారుడు బిగించిన స్టీలు కమ్మీ.

ఆ తర్వాత తాళం పడింది. మూఢం వచ్చింది.

"మూఢంలో ప్రవేశం పనికిరాదు" అని పురోహితుడు నారాయణ్ స్వామి పంచాంగం మూసేశారు.

సంతోషమ్మ ప్రహరీ దగ్గర నిలబడి అడిగింది. "దొడ్డికి మూఢమేంది సామీ? నా కడుపుకు మూఢం తెలీదే."

"గోడలున్నాయి, కప్పుంది, గడపుంది. ఇల్లు కాకపోతే ఏమంటావ్ దీన్ని?" అన్నారు సంపత్కుమార్‌గారు ఓపికగా. "మంచి గడియ చూసి, పాలు పొంగించి, అప్పుడు తెరుస్తాం. ఇన్నాళ్ళు ఆగినావు, ఇంకొన్నాళ్ళు ఆగలేవా?"

ఆగింది. ఆగడంలో ఆమెకున్న ప్రావీణ్యం ఆయనకు తెలియదు.

మూఢం వెళ్ళి ముహూర్తం కుదిరింది. ముందురోజు సాయంత్రం సమితివారు వచ్చి రంధ్రం కోసిన కుర్చీని అడిగారు. పాత దుస్థితికి గుర్తుగా దాన్ని వేదిక మీద ఉంచి ఫొటో తీయాలని నవీన కోరిందట.

"పొద్దున మా యత్త బయటికి పోవల్ల గదా సార్" అంది ప్రసన్నకుమారి.

"ఇంకా బయటికి ఎందుకమ్మా? రేపటినుంచి దొడ్డే ఉండాది గదా" అన్నారు సంపత్కుమార్‌గారు. తర్కంలో ఎక్కడా లోపం లేదు. కుర్చీ కారెక్కింది.

మరునాడు ఉదయం ఆ కాలనీ అంతకు ముందెన్నడూ చూడని వైభవాన్ని చూసింది. షామియానా వేశారు, సన్నాయి పెట్టారు, మామిడాకులు కట్టారు. వేదిక మీద ఒక పక్క పూలు చుట్టిన పాత కుర్చీ, ఇంకో పక్క సమితివారు పెట్టిన కొత్త చీరలో ప్రథమ లబ్ధిదారు సంతోషమ్మ. నిన్న సాయంత్రం నుంచి బయటికి పోలేదు. పోవడానికి కుర్చీ లేదు. ఎదురుగా, నాలుగు అడుగుల దూరంలో, ఆమె ఇచ్చిన జాగాలో, తలుపు బార్లా తెరిచి ఉంది.

తెరిచి ఉంది గాని ఖాళీగా లేదు. కమోడు మూత మీద పసుపు రాసిన పీట, పీట మీద గ్యాసు పొయ్యి, పొయ్యి మీద కొత్త ఇత్తడి గిన్నెలో ఆవుపాలు. సంపత్కుమార్‌గారి ధర్మపత్ని కమలిని మడిచీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకొని, మంట పెంచకుండా, తగ్గించకుండా కాపలా కాస్తూ ఉంది. గోడ మీద చందనం పూసిన పెరుందేవమ్మ పటం. పటం కింద కమ్మీకి కూడా ఒక మూర మల్లెదండ, మూడు కుంకుమబొట్లు. ఆ కమ్మీ ఇప్పుడు కమ్మీలా లేదు, ఉత్సవమూర్తిలా ఉంది.

నవీన రావాలి. రేణిగుంట దగ్గర లారీలు అడ్డంపడి ఆలస్యమైందని ఫోను వచ్చింది. అంతవరకు వేదిక మీది పెద్దలను గౌరవించాలి కనుక పానకం పంచారు. సంతోషమ్మ వద్దంది.

"ప్రసాదం వద్దనకూడదు. చర్చికి పోయేవాళ్ళయితే మాత్రం దప్పిక కాదా?" అన్నారు నారాయణ్ స్వామి చతురంగా. అందరూ నవ్వారు. ఆమె తాగింది. అడగకుండానే ఇంకో గ్లాసు పోశారు. అదీ తాగింది.

కాసేపటికి ఆమె కొంగు బిగించి, పక్కనున్న సంపత్కుమార్‌గారి వైపు వంగింది.

"సామీ, ఒక్క నిమిషం లోపలికి పోయొస్తాను."

"పాలు పొయ్యి మీదున్నాయి సంతోషమ్మా. పొంగనీ."

"ఎంతసేపు పడతాది సామీ?"

"తొందరపెట్టకూడదు. వాటంతట అవే పొంగాల."

"నాకాగేట్టు లేదు సామీ."

"గమ్మునుండు. మైకు ఆన్‌లో ఉండాది."

ఆమె పాత కుర్చీ వైపు చూసింది. దాని రంధ్రం చుట్టూ చేమంతులు గుచ్చారు. కింద నిలబడ్డ కోడలి వైపు చూసింది. ప్రసన్నకుమారి వేదిక మెట్లెక్కబోతే, లబ్ధిదారులు ఒక్కరేనని సమితివారు ఆపారు.

"ఏమత్తా?" అంది కిందినుంచే.

"ఏం లేదులే మే" అంది సంతోషమ్మ.

నవీన వచ్చింది. దండలు పడ్డాయి, కర్పూరం వెలిగింది, శాలువాలు కప్పారు. నవీన క్లుప్తంగానే మాట్లాడింది. సంపత్కుమార్‌గారు మాట్లాడడానికి లేచారు. సృష్ట్యాది నుంచి మొదలుపెట్టి, నీటి మహిమ మీదుగా, శౌచం అంతశ్శుద్ధికి తొలిమెట్టు అన్న చోటికి చేరి, అక్కడినుంచి తల్లి దగ్గరకు వచ్చారు. తల్లి దగ్గర ఆగి కండువాతో కళ్ళు ఒత్తుకున్నారు.

"ఆడది తన అవసరానికి చెట్టు చాటుకు పోవలసిన దుర్గతి ఈనాటితో అంతం" అన్నారాయన. "ఈ సంతోషమ్మను చూడండి. ఈమె ముఖంలో ఈ రోజు మీకు కనిపించేది ఏమిటి? గౌరవం."

అందరూ సంతోషమ్మ ముఖం చూశారు. ఆమె ఎవరినీ చూడడం లేదు. తెరిచిన తలుపునే చూస్తూ ఉంది. ఆమె కూర్చున్న కుర్చీ కింద వేదిక మీది పచ్చ తివాచీ ముదురురంగు తిరిగింది. ఆ రంగు మెల్లగా పాకి, అంచు దాకా వచ్చి, పూలరేకులను తోసుకొంటూ, మొదటి వరుస పెద్దల చెప్పుల ముందు చినుకులుగా రాలసాగింది.

సరిగ్గా అప్పుడే లోపలినుంచి కమలిని గొంతు శుభప్రదంగా వినిపించింది: "పాలు పొంగినాయండీ."

పాలు పొంగినాయన్న మాట వినగానే చప్పట్లు కొట్టాలని సమితివారు జనానికి ముందే నేర్పి ఉంచారు. జనం కొట్టారు. సన్నాయి ఊదారు. ఆ కాలనీవాళ్ళు చెప్పిన మాట వినని రోజు లేదు.

చప్పట్ల నడుమ ప్రసన్నకుమారి వేదిక ఎక్కింది. ఈసారి ఎవరూ ఆపలేదు, ఎవరూ తాకలేదు కూడా. అత్తను లేపి, తడిసిన కొత్త చీర కాళ్ళకు అంటుకుంటుంటే, ఒక్కో అడుగే వేయిస్తూ ఆ తలుపు వైపు నడిపించింది. కాళ్ళు కడుక్కోవాలి, మొహం దాచుకోవాలి. రెండింటికీ ఆ గది చాలు.

గడప దగ్గర సంపత్కుమార్‌గారు అడ్డం వచ్చారు.

"ఈ బట్టల్తోనా? ఈ పొద్దు వద్దు తల్లీ."

"నీళ్ళు లోపలే గదా సార్ ఉండేది" అంది ప్రసన్నకుమారి.

"రేపు రండి, రేపు" అని ఆయన పురోహితుని వైపు తిరిగారు. "రేపు వాడుకోవచ్చు గదా స్వామీ?"

నారాయణ్ స్వామి గదిలోకి చూశారు. పాలు పొంగిన పొయ్యి, చందనపు పటం, మల్లెదండ వేసుకొన్న కమ్మీ. ఆయన నుదురు మడతలు పడింది. అంతవరకు ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు.

"పాలు పొంగిన చోటు అంటే లక్ష్మీస్థానం" అన్నారు నెమ్మదిగా. "పైగా పెద్దమ్మగారిని ఆవాహన చేసినాము. ఆ తల్లి ఎదుట, ఆమె చెయ్యి పట్టిన కమ్మీని పట్టుకొని, ఇంకొకరు... దీనికి ప్రాయశ్చిత్తం నేను ఏ గ్రంథంలోనూ చూడలేదు సంపత్తూ."

"పటం తీసేస్తే?"

"తియ్యి. కన్నతల్లిని దొడ్లోనుంచి కూడా వెళ్ళగొట్టినాడని నలుగురూ చెప్పుకుంటారు."

సంపత్కుమార్‌గారు ఒకసారి సంతోషమ్మను చూశారు. ఆ తుంటి నొప్పి ఎట్లాంటిదో ఆ సభలో ఆయనకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. రాత్రులు మేలుకొని తల్లిని లేపిన చేతులవి. ఒకసారి కమ్మీని చూశారు. ఆ చేతులే తలుపు మూశాయి. తాళం సరిగ్గానే పడింది.

"కుర్చీ అయినా ఇయ్యండి సామీ" అంది సంతోషమ్మ.

కుర్చీ అప్పటికే నవీన కారులో ఉంది. కర్మాగారం స్వాగతశాలలో, అద్దాల పెట్టెలో, 'అప్పుడు' అన్న చీటీతో దాన్ని ఇప్పటికీ చూడవచ్చు. పక్కనే 'ఇప్పుడు' అన్న చీటీతో గది ఫొటో.

నవీన కఠినురాలు కాదు. తిరుగుదారిలో ఆమె ఏడ్చింది కూడా. "పాపం, వాళ్ళకు అలవాటు లేదు సార్" అంది ఫోనులో సంపత్కుమార్‌గారితో. "కట్టడం ఒక్కటే చాలదు. ముందు నేర్పించాలి." ఆ ఏటి దయాజ్వరం అవగాహన తరగతుల రూపంలో దిగింది. ప్రహరీ నీడలో చాపలు పరిచి, కమోడు బొమ్మ ఉన్న గుడ్డను గోడకు వేలాడదీసి, కాలనీ ఆడవాళ్ళకు పాఠం చెప్పారు. అందరికంటే ఎక్కువ అవసరం ఎవరికో అందరూ కళ్ళారా చూశారు కనుక సంతోషమ్మను మొదటి వరుసలో స్టూలు వేసి కూర్చోబెట్టారు.

"దీని మీద ఎలా కూర్చోవాలో మీరు చెప్పండమ్మా" అంది నవీన ప్రేమగా.

"తాళం తీస్తే సూపిస్తాను మేడం."

పోలేరమ్మ పడీ పడీ నవ్వింది. నవీన కూడా నవ్వింది. నేర్చుకొనే ఉత్సాహం బాగా ఉందని పక్కవాళ్ళతో అంది.

జయరావు రెండో కుర్చీ కోశాడు. అది నాసిరకం ప్లాస్టిక్. నడుమ రంధ్రం పడేసరికి దాని బలం కాస్తా పోయి, ఒక తెల్లవారుజామున కంపచెట్ల మధ్య కాళ్ళు విచ్చి కూలింది. ప్రసన్నకుమారి తటాలున కింద చేరి తన ఒంటి మీద పడవేసుకుంది కనుక తుంటిలోని కడ్డీ బతికింది. ఆనాటినుంచి సంతోషమ్మ ప్లాస్టిక్‌ను నమ్మడం మానేసింది.

ఏడాది తిరిగింది. నవీన పరిశీలనకు వచ్చింది. సంపత్కుమార్‌గారు చెప్పులు విప్పి తాళం తీశారు. నెలనెలా పాలు పొంగించే ఆ గది కర్పూరం వాసన వేస్తూ ఉంది. నేల మీద గీత లేదు, గోడ మీద మరక లేదు, కమోడులో నవీనకు తన ముఖం కనిపించింది. కొళాయి తిప్పితే నీళ్ళు ధారగా పడ్డాయి. దేశమంతా తిరిగి ఎన్నో కట్టడాలను చూసిన పిల్ల, తలుపులు ఊడినవి, పగిలినవి, కంపుకొట్టేవి చూసి విసిగినది, ఈ గది నడుమ నిలబడి చేతులు జోడించింది.

"ఇది సార్ సుస్థిరం అంటే" అంది.

ఆ ఒక్క మాటతో మరికొన్ని ఊళ్ళకు గదులు మంజూరయ్యాయి. ఒక్కో గదికి ఒక్కో దాత తల్లి పేరు. మాతృభక్తులైన దాతలకు మన ప్రాంతంలో కొదువ లేదు. నారాయణ్ స్వామికి ముహూర్తాలు వెతకడానికి తీరిక చాలడం లేదు.

సూర్యదీపం సంగతి చెప్పడం మరిచాను. దాన్ని ఎవరూ ఆర్పరు. పెరుందేవమ్మ పేరును బంగారు అక్షరాలలో రాత్రంతా వెలిగించి, మిగిలిన వెలుగును ఆ దీపం దానంగా కాలువగట్టు దాటించి కంపచెట్ల మీద చల్లుతుంది. తెల్లవారకముందు చీకటి ఒక్కటే ఆ ఆడవాళ్ళకు ఉన్న గోడ. అది కూడా కూలింది.

అందుకని అత్తాకోడళ్ళు ఇప్పుడు కంపచెట్లు దాటి, మామిడితోట కంచె దాకా పోతారు. అక్కడ ప్రసన్నకుమారి కంచెరాతికి వీపు ఆనించి, మోకాళ్ళు మడిచి, తొడలు దూరంగా పెట్టి కూర్చుంటుంది. సంతోషమ్మ ఆమె మెడ చుట్టూ చేయి వేసి, ఆ తొడల మీద తన బరువంతా దించుతుంది.

"సింహాసనానికి కాళ్ళొచ్చినాయే" అంటుంది వెనకాల ఎక్కడో పోలేరమ్మ. సంతోషమ్మ ఇప్పుడు కొంగు మొహం మీదికి లాక్కుంటుంది.

మొన్న కూడా అట్లాగే కూర్చున్నారు. ప్రసన్నకుమారి కాళ్ళు వణకడం అత్తకు తెలిసింది.

"నొస్తా ఉండాదా మే?"

అత్త భుజం మీదుగా ప్రసన్నకుమారి తెల్లని వెలుగొకటి చూస్తూ ఉంది. సమితివారు దీపానికి కొత్తగా ఇంకా పెద్ద బల్బు వేయించారు.

"లెయ్యత్తా" అంది. "ఆ దీపం ఈడికీ వస్తా ఉండాది. ఇంగ రవ్వంత దూరం పోవల్ల."